ఘాటు కాదమ్మా, చేదు

ఆ విత్తనాల తోటలో ఆమెను అందరూ తీపిచెయ్యి అని పిలిచేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల రోజున గుమాస్తా నోట తప్ప ఎక్కడా వినపడేది కాదు. పేరుకి చెయ్యి అన్నారే గానీ ఆమె బతుకంతా నాలుక మీద నడిచింది. అందరూ తినేది నాలుకతోనేననుకోండి, ఆమె సంపాదించేది కూడా దానితోనే.

తమాషా ఏమిటంటే, చిన్నప్పుడు ఇంట్లో ఆమెను నోట్లో నాలుక లేని పిల్ల అనేవాళ్ళు. అక్క విడిచిన గౌను వెయ్యమంటే వేసుకుంది, బడి మానమంటే మానింది, వీడితో పెళ్ళంటే తలూపింది. అలాంటి మనిషికి రుచి చూసే ఉద్యోగం వచ్చిందని తెలిసి వాళ్ళక్క కడుపు పట్టుకుని నవ్వింది. "ఉందన్నమాట నీకూ! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే?"

తోట పెద్దదేమీ కాదు. ఒక పక్క రేకుల షెడ్డు, దాన్నానుకుని నీళ్ళ తొట్టి, ఎదురుగా వరసలు వరసలుగా క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవ. చూస్తే దేనికదే అనిపిస్తుంది గానీ అన్నీ ఒక్క కుటుంబమే. ఆ చుట్టరికం కొరికినప్పుడు బయటపడుతుంది. పురుగూ పశువూ తమని నమిలి పారెయ్యకుండా ఈ మొక్కలన్నీ ఆకుల్లో ఒక రకం చేదు దాచుకుంటాయి. తోట నడిపే సారుకి ఆ చేదు మీద పగ. మనిషి మెత్తన, మాట మెత్తన, ఆ ఒక్క విషయంలో మాత్రం మొండి. చేదు లేని క్యాబేజీ పుట్టించాలి, పిల్లలు మారాం చెయ్యకుండా తినాలి. అంతకుమించి ఆయనకి ఈ లోకంలో వేరే కోరిక ఉన్నట్టు ఎవరికీ తెలీదు.

పొద్దున మంచు ఆరాక ఆడవాళ్ళు తలా ఒక వరస పట్టుకునేవాళ్ళు. లేత మొక్క పై ఆకులో గోరంత ముక్క తుంచి నమిలి, నాలుక మీద కాసేపు ఆడించి ఉమ్మెయ్యాలి. నీళ్ళు పుక్కిలించి, ఎండు రొట్టె ముక్క కొరికి, మళ్ళీ ఇంకో మొక్క దగ్గరికి వెళ్ళాలి. చేదుంటే మొక్క పీకి గట్టు మీద పడెయ్యాలి. లేకపోతే పక్కన పుల్ల గుచ్చి తెల్లదారం కట్టాలి. దారం కట్టిన మొక్కల విత్తనమే మళ్ళీ నేలలో పడుతుంది. కాసేపయ్యేసరికి నాలుక మొద్దుబారిపోతుంది కాబట్టి ఒకరి వరసని ఇంకొకరు రుచి చూసే ఆనవాయితీ లేదు. ఎవరి వరసకి వాళ్ళ నాలుకే సాక్షి.

ఆమె మొదట కలుపు తియ్యడానికి వచ్చింది. ఒకరోజు సారు కూలికొచ్చిన వాళ్ళందరికీ తలా ఒక ఆకు ఇచ్చి, ఏమనిపిస్తే అది చెప్పమన్నాడు. పెట్టిందెవరు, సారాయె, బాగోలేదని ఎలా అంటారు? బాగుంది సారూ, కమ్మగా ఉంది సారూ అంటూ ఒకళ్ళని మించి ఒకళ్ళు మెచ్చుకున్నారు. ఆమె మాత్రం ముక్కు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళతో, "ఇది ముక్కులోకెక్కింది సారూ, మంచిది కాదు" అంది. సారు మొహం వెలిగిపోయింది. "నిజం చెప్పే నాలుక ఒక్కటైనా దొరికింది" అన్నాడు. ఆ మాటని ఆమె ఇంటికి తీసుకెళ్ళి దాచుకుంది. పుట్టిన దగ్గర్నుంచి ఆమెను ఎవరైనా దేనికైనా మెచ్చుకున్నారంటే అదొక్కటే.

రుచి చూసేవాళ్ళలో పెద్దావిడకి దండోరా అని పేరు. షెడ్డులో దగ్గితే రోడ్డు మీద వినపడుతుంది. చిన్నది కొత్తమ్మాయి. ఆ పిల్ల వచ్చి చాలా ఏళ్ళయినా ఆ తర్వాత ఎవరూ చేరలేదు కాబట్టి కొత్తమ్మాయిగానే ఉండిపోయింది. వీళ్ళ వరసల్లో పీకిన గుంటలే ఎక్కువ. ఆమె వరసలో ఎటు చూసినా తెల్లదారాలే.

"మా వరసలు చూస్తే పళ్ళూడిన నోళ్ళు, నీ వరస చూస్తే మల్లెలు విరగబూసినట్టుంది. ఏం హస్తవాసే తల్లీ నీది! నువ్వు ముట్టుకుంటే చేదు దానంతటదే పారిపోతుందా?" అనేది దండోరా.

అలా వచ్చింది తీపిచెయ్యి అన్న పేరు. సారు కూడా నమ్మాడు. చదువుకున్నవాడు, హస్తవాసి అనడు కదా, "ఆ వైపు నేల బాగుంది" అనేవాడు. చివరికి కొత్త రకానికి విత్తనం తీసే వరసలన్నీ ఆమె చేతికే ఇచ్చాడు.

* * *

ఇల్లు సైకిల్ షాపు పైన, రెండు గదులు. వంటగది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, దాని మీద నుంచి దిగే నీళ్ళ గొట్టం. మొగుడు బస్సుల గరాజులో మెకానిక్. ఎంత రుద్దినా గోళ్ళ చివర నల్లగీత పోదు. ఎంత కదిపినా నోటి నుంచి నాలుగు మాటలు రాలవు. చాలా ఏళ్ళకి పుట్టిన ఒక్కతే కూతురు, చిట్టి.

చిట్టి నెలలు నిండకుండా పుట్టింది. కాన్పు చేసిన నర్సు పిల్లను చేతుల్లో పెడుతూ, "బరువు తక్కువ, జాగ్రత్త" అంది. ఆ జాగ్రత్త అన్న మాట ఆమె గుండెలో ముల్లులా దిగబడిపోయింది. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. పక్కింటి పిల్లాడి బుగ్గలు చూసి వచ్చి చిట్టి బుగ్గలు తడుముకునేది. చిట్టి అన్నం ముద్ద పక్కన పెట్టిందంటే ఆమెకు ఆ పూట తిన్నది ఒంటబట్టేది కాదు.

తోటలో విత్తనానికి పనికిరాక మిగిలిన క్యాబేజీలు పనివాళ్ళు పట్టుకెళ్ళొచ్చు. మిగతావాళ్ళు వద్దు బాబోయ్ అని వదిలేసేవాళ్ళు. ఆమె మాత్రం తన వరసలోవే ఏరి సంచిలో వేసుకునేది. తను ఎంచిన క్యాబేజీ, పిల్లల కోసం పుట్టించిన క్యాబేజీ, తన పిల్ల తినకపోతే ఇంకెవరు తింటారు?

చిట్టి మొదటి ముద్దకే ఉమ్మేసింది. మాటలొచ్చాక చేదంది.

"ఓసి పిచ్చిదానా, చేదంటే ఏంటో తెలుసా నీకు? పచ్చి ఆకు నమిలితే కాస్త ఘాటుంటుంది. ఇది ఉడికింది. దీంట్లో అదీ లేదు."

"ఘాటు కాదమ్మా, చేదు. కాఫీలాగా."

"కాఫీ నువ్వెప్పుడు తాగావే?"

"నాన్న గ్లాసులో, అడుగున."

వాకిట్లో చెప్పులు విప్పుతున్న మెకానిక్ వెనక్కి తిరిగి మళ్ళీ చెప్పులు వేసుకున్నాడు. ఆమె నవ్వాపుకోలేక, నవ్వితే పిల్ల అలుసు తీసుకుంటుందని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కంచం ముందు ఆమె నవ్వడం అదే చివరిసారి. ఆ తర్వాత రోజూ యుద్ధమే. ఆమె ఒక్క దెబ్బ వెయ్యలేదు, ఒక్క కేక పెట్టలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా. కొట్టి ఉంటే పిల్ల ఏడ్చేది, నాన్న అడ్డుపడేవాడు, ఆ పూటకి అయిపోయేది. ఆమె కంచం ముందు ఓపిగ్గా కూర్చునేది. తనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, నోరు తెరిచి చూపించేది. "ఏదీ చేదు? చూపించు, ఎక్కడుంది?" అనేది.

చిట్టి ఎక్కడ చూపిస్తుంది?

"ఊరందరికీ రుచి చెప్పేదాన్ని నేను. నాకే చేదు నేర్పుతావా? తినబుద్ధి కాలేదని చెప్పు, వింటాను. లేనిది ఉందని చెప్పకు. అబద్ధాలు చెప్పే పిల్లంటే నాకు అసహ్యం."

కంచంలో కూర చల్లారిపోయేది. కింద సైకిల్ షాపు షట్టరు దించిన చప్పుడు వినపడేది. చిట్టి కళ్ళు కంచం మీద, ఆమె కళ్ళు చిట్టి మీద. చివరికి చిట్టి ఊపిరి బిగబట్టి మింగేది, గ్లాసెడు నీళ్ళు తాగేది. కొన్నాళ్ళకి నీళ్ళు కూడా మానేసింది. ఆ తర్వాత ఒక రోజు ముద్ద మింగి, తల్లి మొహం వైపు చూసి, ఆ మొహంలో ఏముందో చదువుకుని, "తియ్యగా ఉందమ్మా" అంది.

ఆమె పిల్లను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. మర్నాడు తోటలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది. "దారికొచ్చింది. పిల్లలకి రుచి పుట్టదండీ, మనమే నేర్పాలి."

ఆ దారికొచ్చిన రోజుల్లోనే ఒకసారి జడ వేస్తుంటే చిట్టి చెవి నొప్పి అంది. ఆమె పిల్లను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చెవి వెనక్కి లాగి, వెలుతురులో చూసింది. చెవి చెవిలాగే ఉంది. "ఏముందే ఇక్కడ? ఏమీ లేదు. బడికి ఎగనామం పెడదామనా?" అంది నవ్వుతూ. చిట్టి కూడా నవ్వింది. ఇద్దరూ బడికి బయల్దేరారు.

* * *

కొత్త రకం మొదటి పంటని సారు ఒక పిల్లల హాస్టలుకి ఉచితంగా పంపాడు. వారం తిరక్కుండా హాస్టలు వంటావిడ కొంగు బొడ్లో దోపుకుని తోటకే వచ్చేసింది.

"సారూ, మీరు పంపిన తియ్య క్యాబేజీ మీరే ఉంచుకోండి. పిల్లలు నోట పెట్టడం లేదు. మామూలుదైతే సగమన్నా తినేవాళ్ళు. మిగిలింది గేదెకి పెడితే అది నా మొహం చూసింది, నేనేదో దానికి బాకీ ఉన్నట్టు."

దండోరా పగలబడి నవ్వబోయి, సారు మొహం చూసి మింగేసింది. ఆయన మొహం నెత్తురు చుక్క లేకుండా ఉంది. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన పని అది.

మర్నాడు ఆయన ఎక్కడినుంచో సన్నని తెల్ల కాగితం ముక్కలు తెచ్చాడు. షెడ్డులో బల్ల చుట్టూ నిలబెట్టి తలా ఒకటిచ్చాడు. "నాలుక మీద పెట్టుకోండి. చేదుగా ఉంటే ఉమ్మెయ్యండి. మింగకండి."

కాగితం పెట్టుకోవడమే ఆలస్యం, దండోరా "ఛీ ఛీ ఛీ, విషం పెట్టారేంటి సారూ!" అని గుమ్మం బయటికి ఉమ్మింది. కొత్తమ్మాయి మాట కూడా లేకుండా కుళాయి దగ్గరికి పరుగెత్తింది. సారు తనూ ఒకటి పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఆమె నాలుక మీద కాగితం తడిసింది. కాగితం లాగే ఉంది. చిన్నప్పుడు బలపం దొరక్క నమిలిన పుస్తకం అంచులా ఉంది. ఇంకా రాలేదేమో అని ఆగింది. నాలుక వెనక్కి తోసింది, పక్కకి జరిపింది. ఏమీ లేదు. బయట దండోరా ఇంకా ఉమ్ముతూనే ఉంది. సారు కళ్ళు తెరిచి ఆమె వైపు తిరిగాడు.

ఆ క్షణంలో ఆమె ఆలోచించి చేసింది కాదు. వాళ్ళ మొహాలు చూసింది, తన మొహం కూడా అలాగే ముడుచుకుంది. కాగితం ఉమ్మేసి, "అబ్బా, ఎంత చేదో!" అంది.

"అయితే అందరికీ తెలుస్తోంది" అన్నాడు సారు. తేలికపడ్డట్టే ఉన్నాడు. "నాలుకల్లో తప్పు లేదు. ఈసారి ఎండలెక్కువ, నీళ్ళు తక్కువ. అలాంటప్పుడు మొక్క చేదు పెంచుకుంటుంది. నేల తప్పే అయ్యుంటుంది."

ఆమె ఏదో ఊసుపోక అడిగినట్టు అడిగింది. "ఈ కాగితం చేదు తెలియనివాళ్ళు కూడా ఉంటారా సారూ?"

"ఉంటారు. పుట్టుకతోనే. నాలుకకి చెవుడనుకో. కాఫీ చేదు, మందుబిళ్ళ చేదు, అన్నీ మనలాగే తెలుస్తాయి. ఈ ఒక్క రకం చేదే వినపడదు. క్యాబేజీలో ఉండేదీ ఈ జాతిదే. పాపం, వాళ్ళకి తేడా ఉందని కూడా తెలీదు."

"మరి వాళ్ళకి క్యాబేజీ ఎలా ఉంటుంది?"

"ఘాటు తెలుస్తుంది. అది వేరే సంగతి. ఆకులో రెండు సరుకులు వేర్వేరు గదుల్లో ఉంటాయి. మనం నమిలితే మధ్య గోడ కూలి రెండూ కలుస్తాయి. అప్పుడు పుడుతుంది ఘాటు, ముక్కుకెక్కుతుంది. ఉడికిస్తే ఆ రెంటినీ కలిపేది చచ్చిపోతుంది. ఘాటు ఉండదు, చేదు మాత్రం ఎక్కడికీ పోదు." కాగితాలు డబ్బాలో సర్దుతూ ఆయన ఇంకో మాట అన్నాడు. "అమ్మకి తెలియకపోయినా నాన్న వైపు నుంచి వస్తే చాలు, పిల్లలకి తెలుస్తుంది. పైగా పిల్లల నాలుక మనకంటే చురుకు. మనకి చిటికెడైతే వాళ్ళకి చారెడు."

ఆమె వెళ్ళి వరస మొదట్లో నిలబడింది. పొడుగునా తెల్లదారాలు గాలికి ఊగుతున్నాయి. ఇన్నేళ్ళూ తను పీకి పారేసింది ఘాటు మొక్కల్ని. ముక్కుకెక్కినదాన్నే చేదనుకుంది. అసలు చేదు మొక్కల్ని ఒక్కొక్కటీ ముద్దుగా ఏరి, దారం కట్టి, విత్తనం తీయించి, మళ్ళీ నాటించి, ఏటికేడు పెంచి పెద్ద చేసింది. ఆ ఏరిన వాటినే సంచిలో మోసుకెళ్ళి ఉడికించి చిట్టి కంచంలో పెట్టింది.

ఘాటు కాదమ్మా, చేదు. మాటలు సరిగ్గా రాని వయసులో పిల్ల ఎంత విడమరిచి చెప్పింది!

* * *

డబ్బాలోంచి ఒక కాగితం ముక్క ఆమె జాకెట్లో దాచుకుని ఇంటికి తెచ్చింది. సాయంత్రం చిట్టి బడి సంచి దింపుకోగానే ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"చిట్టితల్లీ, దీన్ని నాలుక మీద పెట్టుకో. ఎలా ఉందో చెప్పు."

చిట్టి పెట్టుకుంది. పిల్ల భుజాలు ఒక్కసారి జలదరించాయి. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. కానీ ఉమ్మలేదు. తల్లి మొహం వైపు చూసింది. చూస్తూ చూస్తూ, నోట్లో ఊరిందంతా గుటక వేసి, "తియ్యగా ఉందమ్మా" అంది.

ఆమె గబుక్కున పిల్ల నోట్లో వేలు పెట్టి కాగితం లాగేసింది.

"నిజం చెప్పవే. అమ్మ ఏమీ అనదు."

"నిజమే. తియ్యగానే ఉంది."

"చేదుగా లేదూ? ఉందని చెప్పు తల్లీ. తప్పు అమ్మది. అమ్మ నాలుకకి చేదు తెలీదంట. నువ్వు చెప్పిందే నిజం. ఎప్పుడూ నీదే నిజం."

చిట్టికి ఇది కొత్త ఆట, దీని జవాబు ఇంకా దొరకలేదు. తల్లి కనుబొమలు చూసింది, పెదవులు చూసింది. అప్పుడు జాగ్రత్తగా అంది. "చేదుగా ఉంది."

చేదుగా ఉందన్న ఆ మాట విని ఆమెకు ఏడుపొచ్చింది. తీపన్నది ఎవరి కోసమో ఇదీ వాళ్ళ కోసమే. తను పొద్దున షెడ్డులో పెట్టిన మొహమే పిల్ల ఇప్పుడు పెట్టింది. ఇక ఏ మాట నిజమో ఎలా తెలుసుకోవాలి? తను నోట్లో వేసుకుని చూద్దామంటే, ఆ నాలుక చెప్పదు.

మెకానిక్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఆమె తల ఎత్తకుండా, "ఏమయ్యా, నీకూ చేదేనా?" అంది.

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచేంటి, పుట్టినప్పట్నుంచీ. పెళ్ళైన కొత్తలో చెప్పాను కూడా. నవ్వావు. నీ ఉద్యోగమే అదాయె, నాకే ఏదో తేడా ఉందనుకున్నాను." గోళ్ళ చివరి నల్లగీత వైపు చూసుకుంటూ అన్నాడు. "పిల్ల తింటుంటే మరీ, అంత చేదు కాదేమో అనుకున్నాను."

ఆ మర్నాడు ఆమె సంచి ఖాళీగా తెచ్చింది. క్యాబేజీ మళ్ళీ ఆ వంటగదిలోకి రాలేదు. పిల్లకి ఏం కావాలో అడిగి అదే వండటం మొదలుపెట్టింది. "ఇది బాగుందా? ఉప్పు ఎక్కువైందా? వద్దా? వద్దనిపిస్తే వద్దని చెప్పు." చిట్టి అన్నిటికీ బాగుందనేది. ఒకసారి కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. మెకానిక్ లేచి ఉప్పు డబ్బా తెచ్చుకున్నాడు. చిట్టి మాత్రం కంచం ఊడ్చినట్టు తినేసి, బాగుందమ్మా అంది.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున దుప్పట్లు మడుస్తుంటే చిట్టి దిండు మీద చారెడు తడి కనపడింది. పసుపు పచ్చగా, అంచున కాస్త ఎర్రగా, వాసనేస్తోంది. చిట్టి చెవి కిందికి జుట్టు అంటుకుపోయి ఉంది.

డాక్టరమ్మ లైటు పెట్టి చూసి, పెదవి విరిచింది. "లోపల పొర పగిలింది. ఇది నిన్నా మొన్నటిది కాదు, చాలా సార్లు వచ్చి పోయి ఉంటుంది. ఇంత నొప్పికి పెద్దవాళ్ళే గోడలు గోకుతారు. పిల్ల చెప్పలేదా?"

"చెప్పలేదండీ" అంది ఆమె.

"చెప్పాను" అంది చిట్టి. గొంతులో నిష్ఠూరం లేదు. పాఠం అప్పజెప్పినట్టు అంది. "నువ్వు చూసి, ఏమీ లేదన్నావుగా."

"మళ్ళీ వచ్చినప్పుడు చెప్పాలి కదమ్మా."

"మళ్ళీ చూస్తే మళ్ళీ లేదంటావు."

డాక్టరమ్మ మందులు రాస్తూ, పొర మూసుకుంటే మూసుకోవచ్చు, ఆ చెవికి వినికిడి మాత్రం కొంత పోయినట్టే అంది. నీళ్ళు పోనివ్వొద్దని, మళ్ళీ తీసుకురమ్మని ఇంకా ఏవో చెప్పింది. ఆమెకి దూది ఎలా పెట్టాలో ఒక్కటే వినపడింది.

* * *

ఆ వారంలోనే ఆమె షెడ్డులో సారు ముందు నిలబడింది. చేతులు కొంగులో చుట్టుకుని, ఒక్క ఊపులో చెప్పేసింది. ఆ కాగితం తనకి తెలియలేదని, మొహం చూసి మొహం పెట్టానని, ఆ వరసలన్నీ తప్పని, నేల తప్పు కాదని.

సారు మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. కిటికీలోంచి ఆమె వరసల వైపు చూశాడు.

"నేను చూశాను నిన్ను. అందరికంటే గట్టిగా ఉమ్మింది నువ్వే."

"అది అబద్ధం సారూ."

"నీ పిల్లకి ఒంట్లో బాలేదని దండోరా చెప్పింది. మనసు బాగోలేనప్పుడు మనిషి అన్నీ తనమీదే వేసుకుంటాడు. నాలుగు రోజులు సెలవు తీసుకో. నీ నాలుక నాకు తెలుసు."

"ఇంకో కాగితం ఇవ్వండి సారూ. మీ ముందే పెట్టుకుంటాను."

ఆయన డబ్బా మీద చెయ్యి వేశాడు. మూత తియ్యలేదు. చెయ్యి అలాగే ఉంచి, మెత్తగా, బతిమాలుతున్నట్టు, "విత్తనం మళ్ళీ నాటేశామమ్మా" అన్నాడు.

ఆమెకి అర్థమైంది. ఆయనకి అక్కర్లేదు. తన మాట నిజమైతే అంతా మొదటికొస్తుంది, మళ్ళీ మొదలుపెట్టాలంటే ఆయన తల మీద నల్లజుట్టు మళ్ళీ రావాలి. బయటికొచ్చి వరసలోకి నడిచింది. కొత్త మొక్కలు లేత పచ్చగా, బెత్తెడు ఎత్తులో ఉన్నాయి. మొదటి మొక్క ఆకు తుంచి నమిలింది. నాలుక మీద ఏమీ లేదు. దండోరా పక్క వరసలోంచి, "ఏం తీపిచెయ్యీ, ఈసారన్నా బాగున్నాయా?" అని కేకేసింది. ఆమె జవాబు చెప్పకుండా దారం తీసింది. మొదటిది కట్టింది. రెండోది కూడా కట్టింది. ఏది పీకాలో తెలియని చేతికి కట్టడం ఒక్కటే వచ్చు.

ఇంటికొచ్చేసరికి చిట్టి కిటికీ పక్కన కూర్చుని ఉంది, చెవిలో దూదితో. తలుపు తీసిన చప్పుడుకి తిరగలేదు. ఆ చెవి ఇటు వైపు ఉంది. ఆమె ఎదురుగా వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

చిట్టి ముందు తల్లి మొహం చూసింది. ఆమె తన మొహంలో ఏదీ కనపడకుండా చేసుకోవాలని చూసింది. కళ్ళు కదపలేదు, పెదవులు కదపలేదు, ఊపిరి కూడా ఆపింది. పిల్ల ఇంకా చూస్తూనే ఉంది, ఎక్కడో జవాబు ఉండే ఉంటుందని, ఓపిగ్గా, వెతుక్కుంటూ.